బొట్టు లేని తాళం

ఫ్యాక్టరీ గేటు లోపల ఆ తెల్లకారు కనబడగానే నాకు ఒళ్లు మండింది. అది ఫణీంద్ర కారు. నేను ఏలూరు నుంచి బస్సులో కైకలూరు దిగి, ఆటో మాట్లాడుకుని, మొహమంతా దుమ్ము చేసుకుని వచ్చేసరికి అతను ఏసీలో చల్లగా వచ్చి, నీడ చూసి బండి పెట్టుకుని, కొబ్బరిబొండం కూడా తాగేశాడు. డొక్క టైరు పక్కనే పడి ఉంది.

నా పేరు నెహెమ్యా. ఏలూరు పవర్‌పేటలో రెండో అంతస్తులో ఉంటుంది నా డిటెక్టివ్ ఏజెన్సీ. ఫణీంద్ర అక్కడే, నా కుర్చీ పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని పని నేర్చుకున్నాడు. ఇప్పుడు తాడేపల్లిగూడెంలో అతనికి అద్దాల తలుపుల ఆఫీసు, ఇద్దరు అసిస్టెంట్లు. కేసు తేలినప్పుడల్లా పేపర్లో ఫొటో. ఆ ఫొటో వచ్చిన రోజు నేను పేపరు గుమ్మం దగ్గరే వదిలేస్తాను. ఇది అసూయే. దీనికి ఇంకో పేరు పెట్టి ఎవర్ని మభ్యపెట్టను?

ఆ రోజు మాత్రం నా అసూయ కన్నా పెద్ద పని ఉంది. సాయంత్రం నాలుగింటికి ఎస్సై వచ్చి రూబీ అనే అమ్మాయిని తీసుకెళ్లబోతున్నాడు.

అది కొల్లేటి చేపల చెరువులకు మందులు తయారుచేసే ఫ్యాక్టరీ. శనివారం పొద్దున జీవన్ అనే పనివాడు బ్లీచింగ్ పౌడరు డ్రమ్ములోంచి పొడి తీసి నీళ్ల తొట్టిలో వేశాడు. రోజూ చేసే పనే. ఆ రోజు తొట్టిలోంచి ఘాటైన పొగ లేచింది. జీవన్ అక్కడికక్కడే కూలిపోయాడు. డ్రమ్ములో ఎవరో కలపకూడని పొడి కలిపారని ల్యాబ్ వాళ్లు తేల్చారు. అప్పటినుంచి అతను ఏలూరు ఆస్పత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు.

ఆ డ్రమ్ముకి తాళం ఉంది. తాళంచెవి స్టోర్ ఇన్‌ఛార్జి రూబీ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు. తాళం ఎవరూ పగలగొట్టలేదు, శనివారం పొద్దున ఎప్పట్లాగే ఆమె తాళంచెవితోనే తెరుచుకుంది. ఇక పోలీసులు ఎవర్ని అనుమానిస్తారు? ఇంకొకరు కూడా ఆ తాళం తీయగలరని నాలుగింటిలోగా చూపించకపోతే ఆ పిల్ల జైలుకి పోతుంది. రూబీ తల్లి లిడియా టీచరు మా చర్చి మనిషి. ఆదివారం ఆరాధన అయ్యాక నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. అందుకని నేను వచ్చాను. ఫణీంద్రని మాత్రం యజమాని పాండురంగారావు గారే కారు పెట్రోలు ఖర్చులిచ్చి మరీ పిలిపించుకున్నారు.

"రండి నెహెమ్యా గారూ, కూర్చోండి," అన్నారు పాండురంగారావు గారు ఆఫీసు గదిలో. మంచి మనిషే. రెండు రోజులుగా నిద్ర లేనట్టుంది, కళ్లు పీక్కుపోయాయి. "ఫణీంద్ర గారు స్టోరు చూసేశారండి. మీరూ చూడండి. నాకు మాత్రం ఆ పిల్ల చేసిందంటే మనసు ఒప్పుకోవట్లేదు."

ఫణీంద్ర గారు చూసేశారు. నా మొహం ఎలా పెట్టానో నాకు తెలియదు గానీ, టీ కప్పు పట్టుకొచ్చిన మనిషి ఒక్క క్షణం నన్ను చూసి నవ్వాడు. పాండురంగారావు గారి అన్న కొడుకు దుర్గాసాయి అతను. ముప్పై ఏళ్లుంటాయి. తండ్రి పోయాక బాబాయి దగ్గరే ఉండి ఫ్యాక్టరీ పనులు చూసుకుంటున్నాడట.

"తాళాలు పెట్టడం ఎప్పుడు మొదలైందండి?" అని అడిగాను.

"పోయిన ఏడాదండి," అన్నాడు దుర్గాసాయి. "స్టోర్లో ఫార్మాలిన్ తరిగిపోతా ఉండేది. ఎవరో చేపలు పాడవకుండా చల్లడానికి తోడుకుపోతున్నారని గొడవైంది. అప్పుడు బాబాయి ప్రతి డ్రమ్ము మూతకీ ఇనప పట్టీ వేయించి, దాని లీవరుకి తాళంకప్ప పెట్టించారండి."

"అప్పుడు స్టోరు ఎవరు చూసేవారు?"

"నేనేనండి." టీ కప్పు నా ముందు పెట్టి చెయ్యి తుడుచుకున్నాడు. "తాళాలు పెట్టించాక చెవులు రూబీకి ఇచ్చారు. మంచిదేనండి. చదువుకున్న పిల్ల. సేఫ్టీ కోర్సు కూడా చేసింది. ఆ పిల్ల ఏం చేసినా బాబాయికి బాగానే ఉంటుందండి."

పాండురంగారావు గారు కిటికీ వైపు తిరిగారు.

ఆ 'మంచిదేనండి' నాకు బాగా తెలిసిన మాట. ఫణీంద్ర గురించి ఎవరైనా అడిగితే నేను కూడా 'తెలివైనవాడండి' అని అచ్చం అదే గొంతుతో అంటాను. ఆ గొంతు విని దుర్గాసాయిని ఒకసారి నిలువెల్లా చూశాను. అయినా కడుపుమంట ఉన్నంత మాత్రాన నేరం చేసినట్టు కాదు. అలాగైతే నన్ను ఎప్పుడో జైల్లో వేయాలి.

"శుక్రవారం సాయంత్రం ఎక్కడున్నారు?"

"ఇక్కడేనండి. అందరం ఇక్కడే ఉన్నాం. స్టోరు తలుపు తాళంచెవి ఆ మేకుకే వేలాడుతుంది, ఎవరైనా తీసుకోవచ్చు. డ్రమ్ముల తాళంచెవులు మాత్రం రూబీ మెళ్లోనే ఉంటాయండి. స్నానానికి కూడా తీయదంట."

అడగకుండానే ఆ ఆఖరి మాట ఎందుకు కలిపాడో నాకు అర్థం కాలేదు. మనసులో పెట్టుకున్నాను.

రూబీ స్టోరు గుమ్మం దగ్గర నిలబడి ఉంది. సన్నటి పిల్ల. మెళ్లో నల్లతాడు, తాడుకి తాళంచెవుల గుత్తి. ఏడ్చి ఏడ్చి ఇక ఏడవలేని మొహం.

"అమ్మ పంపిందా అండీ మిమ్మల్ని?" అంది.

"అవునమ్మా. నువ్వు భయపడకుండా నేనడిగినవాటికి జవాబు చెప్పు. జీవన్‌కీ నీకూ గొడవలున్నాయా?"

"మాస్కు పెట్టుకోడండి. శుక్రవారం ఊడ్చేటప్పుడు కూడా పెట్టుకోలేదని గట్టిగా అరిచాను. అందరూ విన్నారు. మాస్కు ఉంటే ఇవాళ ఇలా ఉండేవాడు కాదండి. నేను చంపాలనుకుంటే మాస్కు పెట్టుకోమని ఎందుకు అరుస్తానండి?"

ఈ ప్రశ్న పోలీసులు వేసుకోవాల్సింది. వేసుకోలేదు.

లోపలికి వెళ్లాం. బ్లీచింగ్ ఘాటు ముక్కుకి కొట్టింది. నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ములు గోడ వారగా వరసగా ఉన్నాయి. ప్రతిదానికీ మూత చుట్టూ ఇనప పట్టీ, పట్టీని బిగించే లీవరు, లీవరుకి ఇత్తడి తాళంకప్ప. అన్ని కప్పలూ ఒకే రకం. సీసీ కెమెరా కోసం పైకి చూశాను. వైర్లు మాత్రం వేలాడుతున్నాయి. ఈ ఘాటుకి కెమెరా మూణ్ణెల్లకే తుప్పు పట్టిపోయిందని రూబీ చెప్పింది.

కిటికీ పక్కన ఉన్న డ్రమ్ము మీద పోలీసులు తెల్లకాగితం అంటించారు. అదే ఆ డ్రమ్ము. తాళం దానికే వేసి ఉంది. వంగి, భూతద్దం పెట్టి చూశాను. గీతల్లేవు, చువ్వతో కెలికిన గుర్తుల్లేవు. ఇనప పట్టీ మేకులు కదల్లేదు. మూత అంచు పగల్లేదు. ఫణీంద్ర చూసినదానికన్నా ఎక్కువ నాకు ఏం కనబడుతుందిలే అని నీరసం వచ్చింది. నడుం నొప్పితో లేవబోతూ పక్క డ్రమ్ము తాళం మీద చెయ్యి ఆనించాను.

వేలికి పసుపు అంటుకుంది.

ఆ పక్క డ్రమ్ము తాళం చూశాను. పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు. దాని పక్కదీ అంతే. వరసంతా చూసుకుంటూ వెళ్లాను. ప్రతి తాళానికీ పసుపు, కుంకుమ. కిటికీ పక్క డ్రమ్ము తాళానికి మాత్రం పాత పసుపు చారలు మాసిపోయి ఉన్నాయి గానీ కొత్త బొట్టు లేదు.

"ఇవి ఎవరు పెట్టారమ్మా?"

"మామ్మగారండి. అయ్యగారి వాళ్ల అమ్మగారు, వెంకటనరసమ్మ గారు. ప్రతి శుక్రవారం పొద్దున్నే వచ్చి అన్ని తాళాలకీ పెడతారు. దొంగతనం జరిగిన దగ్గర్నుంచీ పెడుతున్నారండి, లక్ష్మి బయటికి పోకూడదని. పూజ చేసిన తాళం ఆ రోజు తీయకూడదంటారు. అందుకని శుక్రవారం డ్రమ్ములు ముట్టుకోం. లోడు పంపడం, ఊడ్చుకోవడం, అంతే."

"మరి దీనికి ఎందుకు పెట్టలేదు?"

రూబీ వంగి చూసింది. "పెట్టే ఉంటారండి. ఆవిడ ఒక్కటీ వదలరు. శనివారం నేను తీసినప్పుడు చెరిగిపోయిందేమో."

"శనివారం ఇంకే డ్రమ్ములు తీశావు?"

ఆమె చూపించింది. తలుపు పక్కవి, మూల ఉన్నవి. వాటి తాళాలమీద బొట్టు కొంచెం చెదిరింది గానీ పోలేదు. పసుపు అంత తేలిగ్గా వదిలేది కాదని మా పక్కింటివాళ్ల గడప చూసేవాడిగా నాకు తెలుసు. కిటికీ డ్రమ్ము తాళానికి శుక్రవారం నాటి బొట్టు చెరగలేదు. అసలు పెట్టనే లేదు. ఆవిడేమో ఒక్కటీ వదలదట.



"రూబీ, రోజూ ఎలా తీస్తావో, ఎలా వేస్తావో అచ్చం అలాగే చేసి చూపించు. ఆ మూల డ్రమ్ముకి."

ఆమె గుత్తి ఎత్తి తాళం తీసింది. లీవరు ఎత్తి, పట్టీ వదులు చేసింది. తీసిన తాళంకప్పని కొక్కెం తెరిచే ఉంచి లీవరుకే తగిలించింది. "ఇక జీవన్ పొడి తీసుకుంటాడండి. నేను ఈలోగా లోడు దగ్గరికో, ఇంకో డ్రమ్ము దగ్గరికో వెళ్తాను."

"వెళ్లు."

ఆమె గుమ్మం దాకా వెళ్లింది. నేను నా తోలుసంచికి వేసే తాళంకప్ప తీశాను. అదీ ఇత్తడిదే, ఇంచుమించు అంతే ఉంటుంది. రూబీ తాళాన్ని జేబులో వేసుకుని, నాదాన్ని తెరిచి లీవరుకి తగిలించాను.

"ఇప్పుడు రా. పని అయిపోయింది, మూసెయ్."

ఆమె వచ్చి లీవరు నొక్కి, వేలాడుతున్న తాళంకప్పని కొక్కెంలోకి దూర్చి నొక్కింది. టక్కుమంది. తాళంచెవి అక్కర్లేదు. ఆమె దానివైపు చూడను కూడా లేదు.

"తీయి," అన్నాను.

తాళంచెవి దూర్చింది. తిరగలేదు. మళ్లీ తిప్పింది. తర్వాత తల ఎత్తి నావైపు చూసింది. నేను జేబులోంచి ఆమె తాళం తీసి అరచేతిలో పెట్టి చూపించాను.

రూబీ మూలనున్న స్టూలు మీద కూలబడిపోయింది. "అయ్యో దేవుడా," అంది మెల్లగా. "రోజూ ఇలాగే వేస్తున్నానండి."

రూబీ ఒక్కతే కాదు, ఈ చుట్టుపక్కల అన్ని గోడౌన్లలోనూ ఇలాగే వేస్తారు. తీసిన తాళం పోకుండా ఉండాలని దాన్ని అక్కడే వేలాడదీస్తారు. తాళంచెవిని మెళ్లో కట్టుకుని కాపాడుకుంటారు, తాళాన్ని గాలికి వదిలేస్తారు. ఎవడో అది గమనించాడు. గురువారం డ్రమ్ము తెరిచి ఉండగా రూబీ తాళం తీసుకుని, తన తాళం తగిలించాడు. రూబీ దాన్నే నొక్కి వెళ్లిపోయింది. శుక్రవారం డ్రమ్ము ఎవరూ ముట్టుకోరు కాబట్టి ఆ మోసం బయటపడదు. శుక్రవారం సాయంత్రం తన చెవితో తన తాళం తీసి, చేయాల్సింది చేసి, రూబీ తాళం మళ్లీ నొక్కేశాడు. శనివారం రూబీ చెవితో రూబీ తాళమే తెరుచుకుంది. కానీ శుక్రవారం పొద్దున పెద్దావిడ బొట్టు పెట్టింది వాడి తాళానికి. రూబీ తాళం ఆ సమయానికి ఎవడి జేబులోనో ఉంది.

"గురువారం ఆ డ్రమ్ము తీసినప్పుడు దాని దగ్గర ఎవరున్నారు?"

"జీవన్ ఉన్నాడండి. నేను లారీ దగ్గరికి వెళ్లాను. ఇంకెవరైనా వచ్చారేమో నేను చూడలేదు. జీవన్‌కే తెలియాలి." కళ్లు తుడుచుకుంది. "వాడు లేచి ఒక్క మాట చెప్తే చాలండి."

అవును. ఆ తాళం దగ్గరికి ఎవరొచ్చారో చూసినవాడు జీవన్ ఒక్కడే. సాయంత్రం ఏలూరు వెళ్లి అతను లేచేదాకా మంచం పక్కనే కూర్చోవాలని, అతని నోటి మాట మొదట నేనే వినాలని అనుకున్నాను. పేపరు వాళ్లకి ఏం చెప్పాలో కూడా అక్కడే ఆలోచించేశాను.

"గురువు గారూ."

ఫణీంద్ర గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫోను. నా దగ్గర మానేసి ఇన్నేళ్లయినా అతను నన్ను గురువు గారూ అనడం మానలేదు. అలా అన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. తిడితే బదులు తిట్టొచ్చు, మర్యాదకి ఏం చేస్తాం?

రూబీని బయటికి పంపేశాను. ఎవరికీ ఏమీ చెప్పొద్దని ఆమెకి కళ్లతోనే చెప్పాను. నా సంచి తాళం అప్పటికే విప్పి, ఆమె తాళం ఎప్పట్లా వేయించేశాను.

"ఏమైనా కనబడిందాండీ?" అన్నాడు.

"నువ్వు చూసేశావుగా. నువ్వు చూశాక నాకేం మిగులుతుంది?"

అతను నవ్వలేదు. "నేను చూసినంతలో తాళం దొంగచెవితో తీయలేదు, పగలగొట్టలేదు. ఆ అమ్మాయే తీసిందనాలి. శుక్రవారం గొడవ కూడా అందరూ విన్నారు. కానీ నాకు నమ్మబుద్ధి కావట్లేదండి. నేను ఏదో వదిలేస్తున్నాను. ఏంటో తెలియట్లేదు."

"పేపర్లో నీ ఫొటో కింద వేస్తారుగా, అన్నీ తెలిసినవాడని."

"పేపరు వాళ్లు రాసేది నన్నడిగి రాస్తారాండీ?" గొంతు తగ్గించాడు. "గురువు గారూ, మీరు నన్నేమన్నా అనండి, పడతాను. ఇక్కడ ఆడపిల్ల జీవితం ఉంది. నాలుగింటికి ఎస్సై వస్తాడు. ఆయన నాకు తెలిసినవాడే. మీకేమైనా దొరికితే చెప్పండి, నేను మాట్లాడి ఆపిస్తాను."

నేను మాట్లాడి ఆపిస్తాను. ఆ మాట నా చెవికి ఇంకోలా వినబడింది. నేను నడుం విరిగేలా వంగి కనిపెట్టింది అతను ఎస్సైకి చెప్తాడు. ఎస్సై పేపరుకి చెప్తాడు. లిడియా టీచరు అతనికి దండం పెడుతుంది. నా జేబులో చెయ్యి పెట్టుకుని నా సంచి తాళంకప్పని గట్టిగా పట్టుకున్నాను.

"ఏమీ దొరకలేదు," అన్నాను.

అతను నన్ను కాసేపు చూశాడు. అబద్ధం చెప్పేవాడి మొహం ఎలా ఉంటుందో కనిపెట్టడం అతనికి నేర్పింది నేనే. తెలిసిందో లేదో మరి, అడగలేదు. ఈలోగా అతని ఫోను మోగింది. బయటికి వెళ్లి మాట్లాడి మళ్లీ గుమ్మం దాకా వచ్చాడు.

"నేను ఏలూరు వెళ్తున్నానండి. మీరూ వస్తారా? కారులో సీటు ఖాళీయే."

"నాకు బస్సుంది."

ఎందుకు వెళ్తున్నావని కూడా అడగలేదు. ఆ కారులో అతని పక్కన కూర్చుని కొల్లేరు మీంచి వెళ్లడం కన్నా నడిచి వెళ్లడం మేలనిపించింది. కిటికీలోంచి చూస్తే దుర్గాసాయి పరుగున వచ్చి ఫణీంద్రని ఏదో అడిగాడు. చేతిలో స్టీలు క్యారేజీ ఉంది. ఫణీంద్ర తలూపాడు. నేను వద్దన్న ముందుసీట్లో దుర్గాసాయి కూర్చున్నాడు. కారు గేటు దాటింది. పెద్దమనిషి కదా, ఊళ్లోవాళ్లందర్నీ ఎక్కించుకుంటాడు అని తిట్టుకున్నాను.

ఇక నాకు కావలసింది వెంకటనరసమ్మ గారు. ఆవిడ భోంచేసి పడుకున్నారని, మూడింటికి గానీ లేవరని పాండురంగారావు గారు చెప్పారు. లేపమని అడగడానికి నాకు నోరు రాలేదు. ఫ్యాక్టరీ అరుగు మీద కూర్చుని ఎదురుచూశాను. రూబీ నాకు అన్నం పెట్టించింది గానీ తను ముద్ద ముట్టలేదు. గేటు చప్పుడైనప్పుడల్లా ఉలిక్కిపడి అటే చూసింది.

ఫ్యాక్టరీ వెనకే వాళ్ల ఇల్లు. వసారాలో నవారు మంచం మీద కూర్చుని ఉన్నారు పెద్దావిడ. చూపు సరిగా ఆనదు. పాండురంగారావు గారు, రూబీ, నేను వెళ్లాం.

"రూబీ, అన్నం తిన్నావుటే?" అన్నారు ముందుగా. అడుగుల చప్పుడుని బట్టే గుర్తుపట్టారు.

"తిన్నానండి మామ్మగారూ," అని అబద్ధమాడింది రూబీ.

నేను మంచం పక్కన కుర్చీలో కూర్చున్నాను. "అమ్మా, శుక్రవారం తాళాలకి బొట్లు పెట్టారు కదా. కిటికీ పక్క డ్రమ్ముకి మరిచిపోయారా?"

"మరిచిపోవడమేంటి నాయనా? దానికి రెండు బొట్లు పెట్టాను."

"రెండెందుకమ్మా?"

"కొత్త తాళం కదా. నాకు కళ్లు కనబడకపోయినా వేళ్లకి తెలుస్తుంది. మిగతావాటికి ఇన్నాళ్ల పసుపు గడ్డకట్టి గరుగ్గా తగులుతుంది. అది నున్నగా తగిలింది. కొత్త వస్తువుకి నిండుగా పెట్టాలని రెండు పెట్టాను."

రూబీ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. పాండురంగారావు గారికి ఇంకా అర్థం కాలేదు. "కొత్త తాళమేంటమ్మా? మనం తాళాలేం మార్చలేదే," అన్నారు.

"మార్చారుగా. నేను అడిగాను కూడాను. ఇదేంట్రా ఇలా ఉంది అంటే, పాతది పాడైంది మామ్మా, నిన్ననే మార్చాం అన్నాడు."

"ఎవరన్నారమ్మా?" అన్నాను నేను.

"ఇంకెవరు, మా దుర్గాసాయే. నాకు పళ్లెం పట్టుకునేది వాడే కదా. ఆ డ్రమ్ము దగ్గరికి వచ్చేసరికి, దీనికి వద్దులే మామ్మా, ఆలస్యమవుతుందని తొందరపెట్టాడు. నేను వింటానా? పెట్టాకే కదిలాను."

తాళం మారిందని రూబీకి తెలియదు. పాండురంగారావు గారికి తెలియదు. తెలిసినవాడు మార్చినవాడొక్కడే.

పెద్దావిడ మొహం మావైపు తిప్పారు. "తాళంచెవులు రూబీకి ఇచ్చాక వాడు సరిగ్గా అన్నమే తినట్లేదు నాయనా. నన్ను దొంగని చేశారు మామ్మా, పరాయిపిల్లని నెత్తిన పెట్టుకున్నారు అని నా దగ్గర ఏడ్చాడు. నేను మా పాండూకి చెప్దామనుకున్నాను." మాట ఆగిపోయింది. మంచం పట్టె పట్టుకున్నారు. "పాండూ. మాట్లాడవేంట్రా? నేనేమన్నా అనకూడని మాట అన్నానా?"

పాండురంగారావు గారు తల్లి కాళ్ల దగ్గర నేల మీద కూర్చుండిపోయారు.

నాకు మాత్రం, నిజం చెప్పాలంటే, మొదట కలిగింది సంతోషం. గెలిచాను. రూబీ ఇంటికి వెళ్తుంది. అద్దాల తలుపుల ఆఫీసుకి దొరకనిది నాకు దొరికింది. ఆ మాట ఫణీంద్ర చెవిలో నేనే వేయాలని ఫోను తీసి వసారా మెట్లు దిగాను.

మొదటి రింగుకే ఎత్తాడు. "గురువు గారూ, నేనే చేద్దామనుకుంటున్నాను. మంచి వార్త. జీవన్ కళ్లు తెరిచాడు."

"ఎప్పుడు?"

"ఇందాక ఫ్యాక్టరీలో ఉండగా ఫోను వచ్చింది అందుకేనండి. అందుకే మిమ్మల్నీ రమ్మన్నాను. ఐసీయూ నుంచి రూముకి మార్చారు. గొంతు ఇంకా రావట్లేదు, ఓ గంటలో మాట్లాడతాడంటున్నారు. ఎస్సైకి కూడా చెప్పాను, ఇక్కడికే వస్తున్నాడు. నేను కింద క్యాంటీన్లో టీ తాగుతున్నాను."

"రూములో ఎవరున్నారు?"

"ఒక్కళ్లనే ఉండనిస్తారుగా. దుర్గాసాయి ఉన్నాడు. పాపం జీవన్‌కి జావ కాయించుకుని తెచ్చాడు. ఇంటి మనిషిలా చూసుకుంటానన్నాడు, మంచివాడే."

ఫోనులోకి అరిచాను.

"ఫణీంద్రా, పైకి పరిగెత్తు. వాడే చేశాడు. తాళం మార్చి చేశాడు. అది చూసినవాడు జీవన్ ఒక్కడే. ఆ జావ తాగనివ్వకు. పరిగెత్తు."

గ్లాసు పడిన చప్పుడు. కుర్చీ ఈడ్చిన చప్పుడు. తర్వాత మెట్ల మీద అతని బూట్లు. ఫోను చెవికే ఉంచుకుని పరిగెడుతున్నట్టున్నాడు, ఊపిరి తెగి తెగి వినబడుతోంది. ఎవరినో తప్పుకోండి అంటున్నాడు. రూబీ నా పక్కకి వచ్చి నిలబడింది. నా మొహం చూసి తాళంచెవుల గుత్తిని గుప్పిట్లో బిగించుకుంది.

"గురువు గారూ." మెట్ల మధ్యలో ఎక్కడో ఆయాసపడుతూ అడిగాడు. "తాళం మార్చారని మీకు ఎప్పుడు తెలిసింది?"

నా వేళ్లు జేబులో ఉన్న సంచి తాళంకప్పకి తగిలాయి.

"నేను స్టోర్లో అడిగినప్పుడు తెలుసా?"

"తెలుసు," అన్నాను.

అతను తిట్టినా బాగుండేది. బూట్ల చప్పుడు మాత్రం వినబడుతూనే ఉంది. తర్వాత అదీ ఆగింది. చేత్తో తలుపు బాదుతున్న శబ్దం. దుర్గాసాయీ అని పిలిచాడు. మళ్లీ పిలిచాడు. జీవన్ అని పిలిచాడు. నర్సు ఎవరో ఏమైందండీ అంటోంది.

"గురువు గారూ," అన్నాడు ఫణీంద్ర. "లోపల గడియ వేసుకున్నాడు."